క్యాన్సర్‌కి వైరస్ సూది: తరచుగా అడిగే ప్రశ్నలు

మా పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్. కీమో నడుస్తోంది. రెండో సైకిల్ అయిన వారంలో, రాత్రి పదకొండింటికి తెనాలి నుంచి అన్నయ్య ఒక వార్త ఫార్వర్డ్ చేశాడు. ఎక్కడో ఒకావిడ తన క్యాన్సర్‌కి తనే వైరస్ ఎక్కించుకుని బాగుపడిందట. కింద ఒకటే లైను: "నువ్వు చదివింది ఈ సూక్ష్మజీవుల చదువేగా, ఇది నిజమేనా? అమ్మకి ఇప్పించొచ్చా?"

ఆ రాత్రి మొదలైన ప్రశ్నలు నెల రోజులు సాగాయి. అన్నయ్య అడిగినవి, వదిన అడిగినవి, మా క్లాసు పిల్లలు అడిగినవి అన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఒక మాట ముందే చెప్పాలి: నేను కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పుకునేవాణ్ణి, క్యాన్సర్ డాక్టర్ని కాదు. మీ ఇంట్లో పేషెంట్‌కి ఏం చేయాలన్నది మీ ఆంకాలజిస్టే చెప్పాలి.

వైరస్ అంటేనే జబ్బు కదా, అది మందెలా అవుతుంది?

వైరస్ సొంతంగా బతకలేదు. ఏదో ఒక కణంలోకి దూరి, ఆ కణంలో ఉన్న సరుకుతోనే తనలాంటి వాటిని వేలకొద్దీ తయారుచేయించుకుని, చివరికి ఆ కణాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. మనకి జబ్బు చేసేది ఈ పని వల్లే. ఇదే పని క్యాన్సర్ కణాల్లో మాత్రమే చేసి, మంచి కణాల జోలికి పోకుండా ఉంటే? ఈ వైద్యం అంతా ఆ ఒక్క ఆశ మీద నడుస్తోంది. ఇలాంటి వాటిని ఆంకోలైటిక్ వైరస్‌లు అంటారు.

ఇది నాటు వైద్యమూ కాదు, గాలి కబురూ కాదు. 2015 నుంచి అమెరికాలో, ఐరోపాలో ఆమోదం ఉన్న మందు ఒకటి ఉంది. అలాగని ఏ క్యాన్సర్‌కైనా పనికొచ్చే మందు కూడా కాదు. ఈ రెండో సంగతి ఫార్వర్డ్‌లలో ఉండదు.

ఈ ఆలోచన ఎవరికి వచ్చింది?

కూర్చుని ఊహించింది కాదు, పేషెంట్లని చూస్తూ ఉండగా తట్టింది. 1904లో జార్జ్ డాక్ అనే అమెరికా డాక్టర్ ఒక కేసు గురించి రాశాడు. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న 42 ఏళ్ళ ఆవిడకి ఫ్లూ లాంటి జ్వరం వచ్చింది. విపరీతంగా పెరిగిపోయి ఉన్న తెల్లకణాలు ఆ జ్వరంతోపాటు దిగివచ్చాయి. అప్పటికి మనిషికొచ్చే ఫ్లూ వైరస్‌ని ఎవరూ పట్టుకోలేదు, అది 1933లో గానీ దొరకలేదు. 1912లో ఇటలీలో మరో కేసు: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్నావిడకి రేబిస్ టీకా వేస్తే గడ్డ తగ్గింది.

వీటన్నిటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఉగాండా పిల్లాడి కేసు. 1971లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లాడు, బర్కిట్ లింఫోమా అనే లింఫు కణాల క్యాన్సర్, కుడి కంటి దగ్గర పెద్ద వాపు. వైద్యం మొదలుపెట్టేలోపే వాడికి తట్టు పోసింది. ఒళ్ళంతా దద్దుర్లు. ఆ దద్దుర్లతోపాటే కంటి వాపూ తగ్గుతూ వచ్చి గడ్డ మాయమైంది. మన ఊళ్ళల్లో అయితే అమ్మవారే దయ తలచిందనుకునేవాళ్ళు. అక్కడి డాక్టర్లు ఫొటోలు తీసి, కాగితం మీద పెట్టారు.

ఈ కథలో మచ్చలూ ఉన్నాయి, వాటినీ చెప్పాలి. 1949లో హాడ్జ్‌కిన్ వ్యాధి (ఇదీ లింఫు కణాల క్యాన్సరే) ఉన్న 22 మందికి కామెర్ల వైరస్ ఉన్న ద్రవాలు ఎక్కించి చూశారు. కొందరికి కొన్నాళ్ళు తేలిక పడింది. చాలామందికి కామెర్లు వచ్చాయి, కనీసం ఒకరు ఆ కామెర్లతోనే పోయారు. ఆ తర్వాత వెస్ట్ నైల్ వైరస్, అడినోవైరస్, గవదబిళ్ళల వైరస్ ఇలా దొరికినవన్నీ ప్రయత్నించారు. దొరికిన వైరస్‌ని దొరికినట్టే వాడితే అదుపు ఉండదని అర్థమయ్యాక ఈ దారిలో చాలా ఏళ్ళు పెద్దగా ఎవరూ నడవలేదు.

మలుపు 1991లో వచ్చింది. రాబర్ట్ మార్తూజా బృందం హెర్పిస్ వైరస్‌లోంచి ఒక జన్యువుని తీసేసి, దాన్ని ఎలుకల్లో మెదడు గడ్డ మీద వాడి చూపించింది. వైరస్‌ని మనకి కావలసినట్టు కత్తిరించి వాడుకునే కాలం అక్కడ మొదలైంది.

ఏది క్యాన్సర్ కణమో, ఏది మంచి కణమో వైరస్‌కి ఎలా తెలుస్తుంది?

తెలియదు. క్లాసులో ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను ఊళ్ళో దొంగ పడ్డ సంగతి చెబుతాను.

మంచి కణంలోకి వైరస్ దూరితే ఆ కణం కేక పెడుతుంది. ఆ కేక పేరు ఇంటర్‌ఫెరాన్. పక్క కణాలు విని తలుపులు వేసుకుంటాయి. కేక పెట్టిన కణం కూడా ఊరుకోదు, తనలోని ప్రోటీన్ల తయారీ ఆపేస్తుంది. తయారీ ఆగితే వైరస్‌కి పిల్లల్ని పుట్టించుకునే దారి లేదు. క్యాన్సర్ కణాల్లో ఈ ఏర్పాటు చాలాసార్లు పాడైపోయి ఉంటుంది. ఆగకుండా పెరగాలన్న యావలో అవి కేక పెట్టడం, తయారీ ఆపడం రెండూ మర్చిపోయి ఉంటాయి. వాటిలోకి వైరస్ దూరితే అడ్డుకునేవాడు లేడు.

మామూలు హెర్పిస్ వైరస్ దగ్గర ఒక పనిముట్టు ఉంటుంది: కణం ఆపేసిన తయారీని మళ్ళీ మొదలుపెట్టించేది. ఆ జన్యువు పేరు ఐసీపీ 34.5. మందు కోసం వాడే వైరస్‌లో దాన్ని తీసేస్తారు. ఇక మంచి కణంలోకి వెళితే అది తయారీ ఆపేస్తుంది, వైరస్ చేతిలో పనిముట్టు లేదు, అక్కడితో దాని పని సరి. క్యాన్సర్ కణం అసలు తయారీ ఆపదు కాబట్టి ఆ పనిముట్టు అవసరమే పడదు.

అంటే వైరస్‌కి తెలివి నేర్పలేదు, ఉన్న ఆయుధం లాక్కున్నారు. మంచి కణం తనని తాను కాపాడుకుంటుంది, క్యాన్సర్ కణానికి అది చేతకాదు.

కణాల్ని పగలగొడుతుంది కాబట్టే గడ్డ కరుగుతుందా?

మొదట్లో అందరూ అలాగే అనుకున్నారు. ఇప్పుడు అది సగం కథే అంటున్నారు, నన్నడిగితే చిన్న సగం.

క్యాన్సర్ గడ్డకి ఉన్న అసలు బలం దాక్కోవడం. మన రోగనిరోధక కణాలు దాని పక్కనుంచే వెళుతుంటాయి, గుర్తుపట్టవు. వైరస్ వెళ్ళి కొన్ని కణాల్ని పగలగొట్టగానే వాటిలోపలి సరుకంతా బయటపడుతుంది. వైరస్ వచ్చిందన్న గోల ఒకవైపు, గడ్డ తాలూకు ఆనవాళ్ళు ఒకవైపు, రెండూ ఒకేచోట. అప్పుడు టీ-కణాలు (రోగనిరోధక కణాల్లో ఒక రకం) వచ్చి ఆ ఆనవాళ్ళు పట్టుకుని, వైరస్ తగలని గడ్డల్ని కూడా వెతుక్కుంటూ పోతాయి. అందుకే కొన్ని మందుల్లో వైరస్‌కి ఇంకో జన్యువు జతచేస్తారు. జీఎం-సీఎస్ఎఫ్ అనే ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువు అది, రోగనిరోధక కణాల్ని అక్కడికి పిలవడానికి. ఒక్కమాటలో, వైరస్ పని చంపడం కన్నా చాడీ చెప్పడం ఎక్కువ.

ప్రస్తుతం నిజంగా వాడుతున్న మందులు ఏవి?

ఇప్పుడు వాడుకలో ఉన్నవాటిలో ముందుగా ఆమోదం ఇచ్చింది చైనా. 2005లో హెచ్ 101 అనే అడినోవైరస్ మందుని తల, మెడ భాగాల క్యాన్సర్‌కి కీమోతో కలిపి వాడటానికి ఒప్పుకుంది. అంతకుముందు అమెరికాలో ఓనిక్స్-015 అని దాదాపు ఇలాంటి వైరస్ మీదే పనిచేశారు, అది మార్కెట్ దాకా రాలేదు.

ఎక్కువ చదివినది, ఎక్కువ లెక్కలు దొరికేది టీ-వెక్. మార్కెట్ పేరు ఇమ్లైజిక్, ఆమ్‌జెన్ కంపెనీది. 2015 అక్టోబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ, అదే ఏడాది డిసెంబర్‌లో ఐరోపా ఆమోదించాయి. ఇది మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి, అదీ ఆపరేషన్‌తో తీయలేని, సూది అందే గడ్డలకి. ఇందులో ఉన్నది హెర్పిస్ సింప్లెక్స్-1. జ్వరం వచ్చి తగ్గాక 'మూతి పేలింది' అంటామే, ఆ నీటి పొక్కుల వైరస్సే. అలాంటి పొక్కులోంచి తీసిన వైరస్‌నే కత్తిరించి ఈ మందు చేశారు.

మూడోది జపాన్‌ది. టోక్యో విశ్వవిద్యాలయంలో తొమోకి తోదో తయారుచేసిన జీ47 డెల్టా, మార్కెట్ పేరు డెలిటాక్ట్. ఇదీ హెర్పిసే, మెదడులో వచ్చే గ్లయోమాకి. 2021 జూన్‌లో ఏడేళ్ళ గడువుతో, షరతుల మీద అనుమతి ఇచ్చారు. షరతులెందుకంటే ఈ మందుని మనుషుల మీద పరీక్షించిన ట్రయల్‌లో ఉన్నది 19 మందే. వాళ్ళలో ఏడాది తర్వాత బతికి ఉన్నవాళ్ళు 84.2 శాతం. ఆ జబ్బు తెలిసినవాళ్ళకి ఇది పెద్ద అంకె. కానీ 19 మందిని చూసి ఊరంతటికీ చెప్పలేం, అందుకే గడువు.

నాలుగో పేరు కూడా మీకు నెట్‌లో తగులుతుంది: లాత్వియా దేశపు రిగ్‌విర్. 2004లో అక్కడ రిజిస్టర్ అయింది. 2019లో పరీక్షిస్తే సీసాల్లో ఉండాల్సినంత వైరస్ లేదని తేలి, పంపిణీ ఆపేశారు. ఈ పేరు చెప్పి ఎవరైనా మిమ్మల్ని విదేశం రమ్మంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

టీ-వెక్ ఎలా ఇస్తారు?

సీసా మైనస్ 70 నుంచి మైనస్ 90 డిగ్రీల మధ్య గడ్డకట్టి ఉంటుంది. మామూలు ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్ దీనికి చాలదు. పేషెంట్ వచ్చాక బయటికి తీసి గది వేడిలో అరగంట పైగా ఉంచితే కరుగుతుంది. కరిగాక సిరప్ సీసాలా కుదపకూడదు, చేత్తో మెల్లిగా తిప్పాలంతే. ఒక సీసాలో ఉండేది ఒక్క మిల్లీలీటర్.

సూదిని గడ్డలో ఒకేచోట గుచ్చి, బయటికి పూర్తిగా తీయకుండా కాస్త వెనక్కి లాగి, దిశ మార్చి మళ్ళీ లోపలికి పంపుతూ విసనకర్ర ఆకారంలో మందు వదులుతారు. గడ్డ అంతటా పాకాలని. ఎంత మందు అనేది గడ్డ సైజుని బట్టి: 5 సెంటీమీటర్లు దాటితే 4 మిల్లీలీటర్ల దాకా, అర సెంటీమీటర్‌కి లోపు ఉంటే 0.1 మిల్లీలీటర్. తర్వాత స్పిరిట్ దూదితో తుడిచి, గాలి చొరకుండా కట్టు కడతారు.

మొదటి డోసులో వైరస్ తక్కువ, మిల్లీలీటర్‌కి 10 లక్షలు. హెర్పిస్ ఎప్పుడూ తగలని ఒంటికి అలవాటు పడటానికి టైమ్ ఇస్తారన్నమాట. మూడు వారాల తర్వాత రెండో డోసు మిల్లీలీటర్‌కి 10 కోట్లు. అక్కడినుంచి రెండు వారాలకోసారి, మామూలుగా ఆర్నెల్లు, ఇంకా ఎక్కువ కూడా. మధ్యలో గడ్డ పెరిగినట్టో, కొత్తది పుట్టినట్టో కనిపించి ఆ తర్వాత తగ్గడం మొదలైన వాళ్ళున్నారు. ఆ వారాల్లో పేషెంట్‌కి ఉండే టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఎంతమందికి పనిచేసింది?

ఆమోదం తెచ్చిపెట్టిన ట్రయల్‌లో 436 మంది ఉన్నారు. కొందరికి టీ-వెక్ ఇచ్చారు, కొందరికి జీఎం-సీఎస్ఎఫ్ ఒక్కటే ఇచ్చారు. గడ్డ బాగా తగ్గి, కనీసం ఆర్నెల్లు అలాగే నిలబడినవాళ్ళు టీ-వెక్ వైపు 16.3 శాతం, రెండోవైపు 2.1 శాతం. సగటున (మధ్యస్థంగా లెక్కిస్తే) బతికిన కాలం 23.3 నెలలు, 18.9 నెలలు. ఈ నాలుగు నెలల తేడా, ఇది కాకతాళీయం కాదని చెప్పే గణాంకాల గీత దగ్గర అంచున ఆగిపోయింది, గట్టిగా దాటలేదు.

అన్నయ్య ఈ అంకెలు చూసి "ఇంతేనా!" అన్నాడు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఇంకో లెక్క చూడండి. సూది వేసిన గడ్డల్లో 64 శాతం సగానికో, ఇంకా ఎక్కువో చిక్కిపోయాయి. సూది అసలు వేయని పక్క గడ్డల్లో (ఊపిరితిత్తులు, కాలేయం లాంటి లోపలి అవయవాలవి వదిలేస్తే) 34 శాతం అలాగే చిక్కాయి. లోపలి అవయవాల్లోని గడ్డల్లో 15 శాతం. ఇక్కడ గుచ్చితే అక్కడ తగ్గింది. పైన చెప్పిన చాడీ సంగతికి రుజువు ఇదే. దూరం పోయేకొద్దీ బలం తగ్గిపోతోందన్నదీ ఇందులోనే కనిపిస్తోంది.

సైడ్ ఎఫెక్ట్స్ ఏంటి? ఇంట్లోవాళ్ళకి అంటుకుంటుందా?

చలి, జ్వరం, నీరసం, వికారం, ఒళ్ళు నొప్పులు, సూది వేసిన చోట నొప్పి. ఒకట్రెండు రోజులు ఫ్లూ వచ్చినట్టు ఉంటుంది. కీమోతో పోలిస్తే ఇవి తేలికే.

అంటుకునే భయం మాత్రం ఉత్తిది కాదు, లోపల ఉన్నది బతికున్న వైరస్. అందుకే కట్టు కనీసం వారం రోజులు ఉంచాలి, మార్చేవాళ్ళు గ్లవ్స్ వేసుకోవాలి, తీసిన కట్టుని ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి పారేయాలి. గర్భిణులు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళు ఈ మందు తీసుకోకూడదు. ఇంట్లో అలాంటివాళ్ళు ఉంటే వాళ్ళు కట్టు జోలికి రాకూడదు. పొరపాటున ఎవరికైనా హెర్పిస్ సోకితే ఎసైక్లోవిర్ పనిచేస్తుంది. ఆ మందుకి లొంగే జన్యువుని ఈ వైరస్‌లో తీసేయకుండా ఉంచారు.

సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కించేయొచ్చు కదా? గడ్డలోకే ఎందుకు గుచ్చాలి?

రక్తంలోకి వెళ్ళిన వైరస్‌ని శరీరం ఊరికే వదలదు. పాత టీకాల వల్లో, పాత జ్వరాల వల్లో తయారై ఉన్న యాంటీబాడీలు పట్టేస్తాయి. మిగిలినదాన్ని కాలేయం, ప్లీహం వడకట్టేస్తాయి. గడ్డ దాకా చేరేది పిసరంత.

నరంలోకి ఎక్కించి ఫలితం చూపించిన కేసు ఒకటి బాగా ప్రచారమైంది. 2014లో అమెరికాలోని మేయో క్లినిక్ ప్రకటించింది. మల్టిపుల్ మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) ఉన్న 49 ఏళ్ళ ఆవిడకి తట్టు టీకా వైరస్‌ని మార్చి నరంలోకి ఇచ్చారు. డోసు ఎంతో తెలుసా? పది వేల కోట్ల వైరస్‌లు. అంత సరుకుతో కోటి మందికి తట్టు టీకా వేయొచ్చు. జబ్బు వెనక్కి తగ్గింది. అయితే ఆవిడ ఒంట్లో తట్టుకి యాంటీబాడీలు దాదాపు లేవు. చిన్నప్పుడు తట్టు టీకా వేయించుకున్న మనలాంటి వాళ్ళకి ఆ వీలు ఎక్కడిది?

పోలియో వైరస్‌తో మెదడు క్యాన్సర్ నయం చేశారని విన్నాం.

నయం చేశారు అనడం ఎక్కువ, పనిచేస్తున్న జాడ ఉంది అంటే సరిపోతుంది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు పోలియో టీకా వైరస్‌లో ఒక ముక్క తీసి, మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్ ముక్క అతికించారు. దాంతో నరాల కణాల్ని పాడుచేసే గుణం పోయింది. తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమా ఉన్న 61 మందికి మెదడులోకి సన్నటి గొట్టంతో ఇచ్చారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడేళ్ళ తర్వాత 21 శాతం బతికి ఉన్నారు. అంతకుముందు అలాంటి పేషెంట్లలో ఆ లెక్క 4 శాతం. పాత పేషెంట్లతో పోల్చారే తప్ప పక్కపక్కన పెట్టి పోల్చింది కాదు. ఇంకా మందుగా రాలేదు.

తనకి తానే వైరస్ ఎక్కించుకున్న ఆవిడ సంగతి నిజమేనా?

నిజమే. అన్నయ్య పంపిన వార్త ఇదే. ఆవిడ పేరు బేయాటా హలాషి, క్రొయేషియాలో జాగ్రెబ్ విశ్వవిద్యాలయంలో వైరాలజిస్ట్. రొమ్ము తీసేసిన చోటే క్యాన్సర్ మళ్ళీ వచ్చింది, 2020లో. అప్పటికి వయసు 49. మళ్ళీ కీమో వద్దనుకుని, తన ల్యాబ్‌లో తనే పెంచిన వైరస్‌లని గడ్డలోకి వేయించుకుంది: ముందు తట్టు టీకా రకం, తర్వాత వీఎస్‌వీ అని పశువులకి వచ్చే వైరస్. రెండు నెలల్లో గడ్డ చిన్నదై, మెత్తబడి, కండకీ చర్మానికీ అతుక్కున్నది విడిపోయింది. దాంతో ఆపరేషన్ తేలికైంది. 2024లో వ్యాసం వచ్చేనాటికి నాలుగేళ్ళుగా జబ్బు లేదు. ఆ వ్యాసాన్ని అంతకుముందు డజనుకు పైగా పత్రికలు వద్దన్నాయి. చూసి ఇంకెవరైనా ఇంట్లో మొదలుపెడతారేమోనని.

ఇక ఫార్వర్డ్‌లో లేనివి మూడు. ఆవిడ ఆంకాలజిస్టులు పక్కనే ఉన్నారు, తేడా వస్తే వెంటనే కీమో పెట్టడానికి సిద్ధంగా. వైరస్‌తో గడ్డ చిక్కిందే గానీ దాన్ని తీసింది సర్జన్. ఆపరేషన్ తర్వాత ఏడాదిపాటు ట్రాస్టుజుమాబ్ కూడా తీసుకుంది. అది హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే మందు, మన దగ్గరా దొరుకుతుంది. ఆవిడ బాగుపడటంలో దేని వాటా ఎంతో ఒక్క మనిషిని చూసి తేల్చలేం.

"అయితే మెడికల్ షాపులో తట్టు టీకా కొని గడ్డలో వేయిస్తే?" అని వదిన అడిగింది. వద్దు. టీకాలో ఉండే వైరస్ ఆ డోసులతో పోలిస్తే ఆవగింజంత, పైగా కీమోలో ఉన్న మనిషికి బతికున్న వైరస్ టీకా ఇవ్వకూడదు. తెల్లకణాలు పడిపోయిన ఒంట్లో ఆ బలహీనమైన వైరస్ కూడా ప్రమాదమే.

ఫెయిల్ అయినవి లేవా?

బోలెడు. కాలేయ క్యాన్సర్‌కి పెక్సా-వెక్ అనే మశూచి టీకా జాతి వైరస్ మీద చాలా ఆశ పెట్టుకున్నారు, 2019లో పెద్ద ట్రయల్ మధ్యలోనే ఆగిపోయింది. మెదడు గడ్డలకి టోకా 511 అని మరొకటి, అదీ అదే ఏడాది. నన్ను బాగా నిరాశపరిచింది టీ-వెక్‌ని పెంబ్రోలిజుమాబ్ అనే మరో క్యాన్సర్ మందుతో కలిపిన ట్రయల్. రెండూ రోగనిరోధక శక్తిని లేపేవే కదా, కలిస్తే ఇంకా బాగుంటుందని అందరూ అనుకున్నారు. 692 మంది మీద చూస్తే పెంబ్రోలిజుమాబ్ ఒక్కదాని కన్నా మేలేమీ కనిపించలేదు.

మన దేశంలో దొరుకుతుందా?

మందుల షాపులో గానీ, ఆసుపత్రిలో మామూలు వైద్యంగా గానీ ఆంకోలైటిక్ వైరస్ ఏదీ మన దగ్గర ఆమోదం పొంది అమ్మకంలో లేదు. అమెరికాలో టీ-వెక్ వచ్చిన కొత్తలో ఒక పేషెంట్‌కి సగటున 65,000 డాలర్లు అవుతుందని కంపెనీయే చెప్పింది. పైగా అది మెలనోమా మందు. మనలో మెలనోమా తక్కువ. వచ్చినా చాలాసార్లు అరికాల్లోనో, గోటి కిందో నల్లమచ్చలా మొదలవుతుంది. అలాంటి మచ్చ పెరుగుతుంటే మాత్రం పుట్టుమచ్చేలే అని ఊరుకోకండి.

ట్రయల్స్ ఏమైనా ఉన్నాయా అని చూసుకోవడానికి సీటీఆర్ఐ అని ప్రభుత్వ రిజిస్ట్రీ ఉంది. 2009 నుంచి ఇండియాలో మందుల ట్రయల్ ఏదైనా అందులో నమోదు కావాల్సిందే. ట్రయల్ వల్ల పేషెంట్‌కి హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం 2019 నాటి నిబంధనల్లో ఉన్నాయి. సంతకం పెట్టే ముందు ఆ పేజీ చదివించుకోండి.

కార్-టీ వైద్యంలోనూ వైరస్ వాడతారట, రెండూ ఒకటేనా?

కాదు. కార్-టీలో వైరస్ బండి మాత్రమే. పేషెంట్ రక్తంలోంచి టీ-కణాలు తీసి, వాటిలోకి కొత్త జన్యువుని చేరవేయడానికి లెంటివైరస్‌ని వాడతారు. చేరవేశాక దాని పని అయిపోయింది, క్యాన్సర్ కణాల్ని చంపేది టీ-కణాలే. ఇది మన దగ్గర ఉంది: ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి చేసిన నెక్స్‌కార్-19కి 2023 అక్టోబర్‌లో ఆమోదం వచ్చింది. కొన్ని రకాల రక్త క్యాన్సర్లకి. మూత్రాశయ క్యాన్సర్‌కి అమెరికాలో 2022లో వచ్చిన ఆడ్‌స్టిలాడ్రిన్ కూడా బండి రకమే, అందులో అడినోవైరస్ పెరగదు.

వైరస్‌ల వల్లే క్యాన్సర్ వస్తుందని కూడా అంటారు. ఏది నమ్మాలి?

రెండూ. హెచ్‌పీవీ వల్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, హెపటైటిస్-బి వల్ల కాలేయ క్యాన్సర్ వస్తాయి. ఈ రెంటికీ టీకాలున్నాయి. హెపటైటిస్-బి టీకా ఒకప్పుడు దిగుమతి ధరకి సామాన్యుడికి అందేది కాదు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారుచేశాక ధర దిగింది. వైరస్ సూది గురించి ఇంత ఆసక్తిగా అడిగేవాళ్ళని, ఇంట్లో ఆడపిల్లకి హెచ్‌పీవీ టీకా వేయించారా అని నేనూ ఎదురు అడుగుతుంటాను. చాలామంది మాట మారుస్తారు.

ఏజెంటు ఫోన్ చేసి విదేశంలో వైరస్ ఇంజెక్షన్ ఇప్పిస్తానంటున్నాడు. వెళ్ళొచ్చా?

అన్నయ్యకీ వచ్చింది ఆ ఫోన్. రెండు లక్షలు అడ్వాన్స్ కడితే స్లాట్ బుక్ చేస్తానన్నాడు. నేను లైన్లోకి వెళ్ళి మూడు అడిగాను: ఏ వైరస్? రొమ్ము క్యాన్సర్‌కి ఆ దేశంలో ఆమోదం ఉందా, ట్రయలా? ట్రయలైతే రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? "అవన్నీ అక్కడి డాక్టర్ చెబుతాడు సార్" అన్నాడు. ట్రయలంటే పేషెంట్ దగ్గర లక్షలకి లక్షలు అడ్వాన్స్ అడగరని మీరూ గట్టిగా అనండి, ఫోన్ వాళ్ళే పెట్టేస్తారు.

ఇలాంటిది వచ్చేదాకా కీమో ఆపి చూడొచ్చా?

ఆపకండి. కీమో మధ్యలో ఖాళీ వస్తే గడ్డ ఆ ఖాళీ వాడుకుంటుంది. కరెంటు పెట్టడం (రేడియేషన్) కూడా అంతే, చెప్పిన రోజుల లెక్క తప్పకూడదు.

మరి మా డాక్టర్ని ఏం అడగాలి?

"వైరస్ సూది ఉందా" అని అడిగితే లేదనే జవాబొస్తుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. మా అన్నయ్య అలాగే అడిగాడు, పెద్దమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్లో ఆ వార్త తెరిచి. డాక్టరమ్మ మొత్తం చదివింది. "ఈవిడ హెర్-2 మందు కూడా తీసుకుంది, చూశారా?" అంది. చూడలేదన్నాడు. ఫైల్ తిరగేసింది. బయాప్సీ రిపోర్టులో పెద్దమ్మ హెర్-2 దగ్గర '2 ప్లస్' అని ఉంది. అంటే అవునో కాదో తేలలేదు, తేల్చడానికి ఫిష్ అనే టెస్టుకి పంపమని రాసి ఉంది. "పంపారా?" అంది. పంపాం, డబ్బు కూడా కట్టాం అన్నాడు. "రిపోర్టేదీ?"

ఆ సాయంత్రం అన్నయ్య బండేసుకుని ల్యాబ్‌కి వెళ్ళాడు. కౌంటర్ వెనక అరలో, పెద్దమ్మ పేరు మీద, అంటించిన కవరు. వచ్చి నెల పైనే అయిందట.